ఎన్నికల హామీని విప్పి చూడటం ఎలా? గోదావరి జిల్లాల ఓటర్ల కోసం

"ఈ హామీలు నమ్మొచ్చాండీ?" అని ఎన్నికల ముందు అడుగుతారు. గెలిచిన ఆరు నెలలకి ఇంకో ప్రశ్న వస్తుంది: "ఇస్తామన్నది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" భీమవరం నుంచి అమలాపురం దాకా ఎవరిని కదిపినా ఈ రెండే. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేస్తే తప్పు చెప్పినట్టే. సభలో చెప్పింది ఒకటి, మ్యానిఫెస్టోలో అచ్చయింది ఒకటి, జీవోలో వచ్చింది ఒకటి, చివరికి ఖాతాలో పడింది ఇంకొకటి. నాలుగు చోట్లా ఒకే అంకె కనబడటం తక్కువ.

నా లెక్కలో హామీని పూర్తిగా ఎగ్గొట్టడం మనం అనుకునేంత ఎక్కువేం కాదు. సభ నుంచి ఖాతా దాకా వచ్చేలోపు అది చిక్కిపోవడమే ఎక్కువ. మనం అంకెని గుర్తుపెట్టుకుంటాం, వాళ్లు షరతుని గుర్తుపెట్టుకుంటారు. కింద చెప్పిన పద్ధతి ఆ షరతుని ముందే పట్టుకోవడానికి. ఏ పార్టీకైనా పనికొస్తుంది.

కావాల్సినవి

- ఒక రూళ్ల నోటుబుక్కు. ఫోన్లో రాసుకోవచ్చు గానీ ఐదేళ్లలో ఫోను మారుతుంది, రాసుకున్నది పోతుంది.
- పార్టీల మ్యానిఫెస్టోలు, పూర్తి పీడీఎఫ్‌లు. గుమ్మంలో పడేసి వెళ్లే కరపత్రం చాలదు.
- మీ రేషన్ కార్డు, ఆధార్ లింకైన బ్యాంకు పాస్‌బుక్కు, కరెంటు బిల్లు. పొలం ఉంటే పట్టాదారు పాస్‌బుక్కు, కౌలుకి చేస్తుంటే కౌలు కార్డు.
- క్యాలిక్యులేటర్.
- మీకు నచ్చని పార్టీకి ఓటేసే స్నేహితుడు ఒకడు. ఇది జోకు కాదు, ఎందుకో 3వ మెట్టులో చెప్తాను.

1. ప్రచారం మొదలవకముందే మీ జాబితా రాసుకోండి

మీ ఇంటికి, మీ ఊరికి కావాల్సినవి మూడంటే మూడు రాయండి. మైకులు మోగాక రాయడం మొదలుపెడితే మీ జాబితాలోకి వాళ్ల జాబితా దూరిపోతుంది. హామీ ఓటరు మీద చేసే అసలు పని అదే. మనసు మార్చడం కంటే ముందు ప్రశ్నని మార్చేస్తుంది. పదిహేను వేలా, పద్దెనిమిది వేలా అని పోల్చుకుంటూ కూర్చుంటాం. డ్రైను పూడిపోయి సార్వా (ఖరీఫ్) చేలో నీళ్లు దిగని సంగతి ఎక్కడో వెనక్కి పోతుంది.

మన డెల్టాలో ఇది మరీ ఎక్కువ. 2011లో కోనసీమ రైతులు సార్వా నాట్లు వెయ్యకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. 2022లో మళ్లీ అదే మాట వినబడింది. రెండుసార్లూ ముంపు, మురుగు కాలువలు, గిట్టుబాటు ధరల గురించే గోల. కానీ కాలువల్లో పేరుకున్న గుర్రపుడెక్క తీయిస్తామని ఎవరూ ఫ్లెక్సీ వెయ్యరు. కాలువ పని ఊరందరిదీ, ఖాతాలో పడే డబ్బు నా ఒక్కడిదీ. ఈ రెండోదానికే ఓట్లు తేలిగ్గా లెక్కకొస్తాయని పార్టీలకి బాగా తెలుసు.

2. మాట ఎక్కడిదో రాయండి

ప్రతి హామీ పక్కన ఒక గుర్తు పెట్టండి. మ్యానిఫెస్టోలో ఉంటే 'మ్యా', పెద్ద నాయకుడు సభలో అంటే 'స', మీ అభ్యర్థి వీధిలో అంటే 'వీ'. బలం ఆ వరసలోనే ఉంటుంది. మ్యానిఫెస్టోలో లేని మాటని తర్వాత "మేమలా అనలేదు" అనడం చాలా తేలిక.

క్రియాపదం కింద గీత గియ్యండి. "ఇస్తాం", "రద్దు చేస్తాం" అంటే పట్టుకోవచ్చు. "కృషి చేస్తాం", "పరిశీలిస్తాం", "చర్యలు తీసుకుంటాం" అంటే దాన్ని హామీల లెక్కలో వెయ్యకండి.

జాగ్రత్త: వాట్సాప్‌లో తిరిగే రంగుల కార్డుని మూలంగా తీసుకోవద్దు. ఒక్క విడతలో జరిగే ఎన్నికల్లో పోలింగుకి ముందు 48 గంటల్లో మ్యానిఫెస్టో విడుదల చెయ్యకూడదని ఎన్నికల సంఘం నిబంధన. ఆఖరి రాత్రి వచ్చే 'కొత్త మ్యానిఫెస్టో' అందుకే అనుమానించాల్సిన సరుకు. కాగితం కరపత్రమైతే అడుగున ముద్రించినవాళ్ల పేరు, ప్రచురించినవాళ్ల పేరు ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం అది తప్పనిసరి. పేరు లేకపోతే పక్కన పెట్టండి.

3. ఐదు గడులు నింపండి

పని మొత్తం ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. ఒక్కో హామీకి ఒక్కో పేజీ ఇచ్చి ఐదు గడులు గియ్యండి: ఎవరికి, ఎంత, ఎప్పటినుంచి, ఏ షరతు మీద, ఎవరి చేతిలో ఉంది.

ఉదాహరణకి మూడు గ్యాస్ సిలిండర్ల పేజీ ఇలా ఉంటుంది.

ఎవరికి: రేషన్ కార్డు, ఆధార్, గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇంటికి.
ఎంత: ఏడాదికి 3, నాలుగు నెలలకి ఒకటి చొప్పున.
ఎప్పటినుంచి: 2024 దీపావళి.
షరతు: ముందు మనమే డబ్బు కట్టి తీసుకోవాలి. తర్వాత ఖాతాలో వెనక్కి పడుతుంది, ఊళ్లలో 48 గంటల్లో అన్నారు.
ఎవరి చేతిలో: రాష్ట్రం.

"ఉచితం" అని విన్నవాళ్లు నాలుగో గడి చూసుకోక, బండబ్బాయి డబ్బులడిగితే గొడవపడ్డారు. ఆ గడి నింపుకున్నవాళ్లు పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్లారు.

ఎవరికి అన్న గడిలో "రైతుకి" అని రాసి వదిలెయ్యొద్దు. డెల్టాలో చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతే. పాస్‌బుక్కు మాత్రం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామి పేరున ఉంటుంది. 2019 నాటి చట్టం ప్రకారం కౌలు కార్డుకి భూమి యజమాని ఒప్పుకోవాలి, ఆ కార్డు పదకొండు నెలలే చెల్లుతుంది. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని ఆసాములు వెనక్కి తగ్గుతారు. రైతు భరోసా అనే పెట్టుబడి సాయం కౌలుదార్లకి ఇచ్చినప్పుడు భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే అన్నారు. మిగతా కౌలుదార్లు "రైతుకి" అన్న మాటలోనే లేరు.

ఎంత అన్న గడిలో బడి పిల్లల తల్లులకిచ్చే అమ్మ ఒడి, తల్లికి వందనం పక్కపక్కన రాసి చూడండి. రెండు పార్టీలు, రెండు పథకాలు, మాట ఒకటే: 15,000. అమ్మ ఒడిలో ముందు వెయ్యి, తర్వాత రెండు వేలు బడి నిర్వహణకి తీసుకుని 13,000 వేశారు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పడిందీ 13,000. తీసుకున్నది బడి పనికే కావచ్చు. కానీ మైకులో చెప్పినప్పుడు ఆ రెండు వేల సంగతి లేదు. తల్లికొకటా, పిల్లకొకటా అన్నది కూడా ఈ గడిలోనే తేల్చుకోవాలి.

ఎప్పటినుంచి అన్నదాంట్లో అందరూ పప్పులో కాలేస్తారు. 2019లో పెన్షన్ 3,000 అన్న అంకె చెవిన పడింది. మాట మాత్రం "పెంచుకుంటూ పోతాం" అని. 2019లో 2,250 అయ్యింది, 2022 జనవరికి 2,500, 2023 జనవరికి 2,750, 2024 జనవరికి గానీ 3,000 కాలేదు. మాట తప్పారా అంటే లేదు. మొదటి నెల నుంచే మూడు వేలొస్తాయనుకున్న ముసలమ్మ మోసపోయిందా అంటే ఆవిడ లెక్కలో మోసపోయినట్టే. 2024లో మాత్రం ఏప్రిల్ నుంచి 4,000 అన్నారు, జులై 1న మూడు నెలల బకాయి కలిపి 7,000 చేతిలో పెట్టారు. తేదీ ఉన్న హామీకీ లేని హామీకీ తేడా ఇదే.

షరతుల గడికి ఒక చిట్కా. సంక్షేమ పథకాలకి ఒకే జల్లెడ వాడటం కొన్నేళ్లుగా అలవాటైంది: నెలకి 300 యూనిట్లు దాటిన కరెంటు, నాలుగు చక్రాల సొంత బండి, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వోద్యోగి, మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10. మన దగ్గర మూడెకరాల మాగాణి పెద్ద ఆస్తి కింద లెక్క, చేతికొచ్చేది చూస్తే సంగతి వేరు. మీ కరెంటు బిల్లులు పన్నెండు నెలలవి ముందేసుకుని సగటు చూసుకోండి. అన్నదమ్ములిద్దరి ఇళ్లకీ ఒకే మీటరుంటే ముందే విడగొట్టించుకోండి.

చెరువులున్నవాళ్లకి ఆక్వా కరెంటు మంచి పాఠం. యూనిట్ రూపాయిన్నర అన్న మాట 2019లో అమలయ్యింది. తర్వాత ఆక్వా జోన్‌లో ఉండాలనీ, ఇన్ని ఎకరాల లోపే ఉండాలనీ షరతులొచ్చాయి. 2024లో అదే రూపాయిన్నర "జోన్, నాన్‌జోన్ తేడా లేకుండా" అని మళ్లీ హామీ అయ్యింది. అంకె మారలేదు, ఈసారి హామీ అయ్యింది షరతు తీసెయ్యడం. ధాన్యం దగ్గర "ప్రతి గింజా కొంటాం" అన్నది కూడా ఇలాంటిదే. దాళ్వా (రబీ) కోతల్లో వానపడితే తేమ 17 శాతం దాటుతుంది, ఆ మాట అక్కడ ఆగిపోతుంది.

ఎవరి చేతిలో అన్నది తేలకపోతే మిగతా నాలుగు గడులూ దండగ. కోటిపల్లి-నర్సాపురం రైల్వే లైను 2000-01లో మంజూరైంది, సుమారు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు గోదావరి పాయల మీదా వంతెనలు కావాలి. అప్పట్నుంచి ప్రతి ఎన్నికల్లోనూ అది ఎవరో ఒకరి హామీ. అయితే అది రైల్వే శాఖ పని, రాష్ట్రం తన వాటా కట్టాలి, భూమి సేకరించివ్వాలి. ఒక్క ఎంపీ "తెస్తాను" అంటే ఆయన చెయ్యగలిగింది అడగడం, వెంటపడటం. ఎమ్మెల్యే అంటే అదీ లేదు. పెట్టుబడి సాయంలోనూ ఇంతే. రైతు భరోసా 13,500లో 6,000 పీఎం కిసాన్ డబ్బు. అన్నదాత సుఖీభవ 20,000లోనూ 6,000 అదే. 2025 ఆగస్టులో పడిన 7,000లో రాష్ట్రానిది 5,000, కేంద్రానిది 2,000. ఒకే నోటుకి ఇద్దరు పేర్లు రాసుకుంటున్నారు కాబట్టి మీరు పాస్‌బుక్కులో విడివిడిగా రాసుకోండి.

ఇప్పుడు ఆ స్నేహితుణ్ని పిలవండి. మీ పార్టీ పేజీలు అతన్ని నింపమనండి, అతని పార్టీవి మీరు నింపండి. సొంత పార్టీ హామీలో షరతు ఎవరి కంటికీ ఆనదు.

4. ఒకసారి గుణించి చూడండి

నెలకి 1,500 అంటే ఏడాదికి 18,000. లక్ష మందికి 180 కోట్లు. ఇక మీ జిల్లాలో ఎంతమందో, రాష్ట్రంలో ఎంతమందో వేసుకోండి. ఇంకా గట్టి లెక్క కావాలంటే పెన్షన్ చూడండి. 2024 జులైలో సుమారు 65 లక్షల మంది, మనిషికి 4,000 వేసుకున్నా నెలకి 2,600 కోట్లు, ఏడాదికి 31,200 కోట్లు. ఆ ఏడాది రాష్ట్ర బడ్జెట్ 2.94 లక్షల కోట్లు. ఒక్క హామీయే పదో వంతు దాటింది.

ఇక్కడే నాయకుల మీద హామీ చేసే పని కనబడుతుంది. ఒకసారి ఇచ్చింది తియ్యలేరు. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో మొదలైతే ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని తీసెయ్యలేదు. పెన్షన్ 2014లో 200 నుంచి 1,000 అయ్యింది, 2019 ఎన్నికల ముంగిట 2,000, తర్వాత 3,000, ఆపైన 4,000. పోటీకి దిగేవాడు కిందటివాడి అంకె కంటే తక్కువ చెప్పలేడు. అందుకే కొత్త హామీకి డబ్బు ఎక్కువగా అప్పులోంచో, కాలువలు, రోడ్ల పద్దులోంచో వస్తుంది. మీ 1వ మెట్టు జాబితాలో డ్రైను ఉంటే దాని పక్కన ఈ లెక్క రాసుకోండి.

డబ్బెక్కడిదని అడగడం మొరటుతనం కాదు. 2013 జులైలో సుప్రీంకోర్టు చెప్పాక, 2014లో ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో మ్యానిఫెస్టోల మీద ఒక భాగం చేర్చింది. హామీకి హేతువు ఉండాలి, నిధులు ఎలా తెస్తారో స్థూలంగా చెప్పాలి అని.

5. అభ్యర్థి వీధిలోకి వస్తే

మర్యాదగా, ఒక్కటే ప్రశ్న, జవాబొచ్చేలా అడగండి.

"వంతెన ఈసారి ఖాయమండీ."
"చాలా సంతోషమండీ. డీపీఆర్, అదే సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అయిపోయిందాండీ? డబ్బు రాష్ట్రం పెడుతుందా, కేంద్రమా?"
"అదంతా పైవాళ్లు చూసుకుంటారు లెండి."

నోటుబుక్కులో ఐదో గడిలో 'పైవాళ్లు' అని రాయండి, తేదీ వెయ్యండి. వాదన పెంచొద్దు. వెంట వచ్చిన కుర్రాళ్లతో గొడవ అసలొద్దు, అభ్యర్థి రేపు వెళ్లిపోతాడు, ఆ కుర్రాళ్లు మన ఊళ్లోనే ఉంటారు. ఒంటరిగా అడగడానికి ఇబ్బందైతే డ్వాక్రా మీటింగులోనో నీటి సంఘం దగ్గరో నలుగురూ కలిసి అడగండి.

ఇంకో జాగ్రత్త: పథకం ఇస్తామనడం చట్టం ప్రకారం లంచం కాదు. చేతిలో నోటు పెట్టడం లంచం, ఇచ్చినవాడిదీ పుచ్చుకున్నవాడిదీ తప్పే. అలాంటిది కనబడితే ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు.

6. గెలిచాక మూడు చోట్ల వెతకండి

ముందు జీవో. ప్రమాణ స్వీకారం రోజు పెట్టిన సంతకం ఫొటోకి బావుంటుంది, పథకం ఎవరికో చెప్పేది మాత్రం జీవో. జీవోల వెబ్‌సైటుని 2021లో జనానికి మూసేశారు, 2024లో మళ్లీ తెరిచారు. జీవో రాగానే మీ ఐదు గడుల పక్కన ఇంకో రంగు పెన్నుతో జీవోలో ఉన్నది రాయండి. రెండు రంగుల మధ్య తేడా ఎంతో, హామీ అంత చిక్కిపోయిందన్నమాట. 2014 రుణమాఫీ పేజీ ఇలా నింపితే తెలుస్తుంది. చెవిన పడింది రైతు రుణాలన్నీ మాఫీ అని. కాగితం మీదకొచ్చేసరికి కుటుంబానికి లక్షన్నర పరిమితి, 50,000 దాటితే విడతలవారీగా.

తర్వాత బడ్జెట్. అంచనా ఒక్కటే చూసి ఆగొద్దు. మరుసటి ఏడాది పుస్తకంలో అదే పద్దుకి సవరించిన అంచనా, ఆపై ఏడాది అసలు ఖర్చు ఉంటాయి. పెద్ద అంకె ప్రకటించి చిన్న అంకె ఖర్చుపెట్టడం ఇక్కడ బయటపడుతుంది. రైల్వే లైనైతే బడ్జెట్‌తో పాటు వచ్చే రైల్వే పనుల పద్దు, పింక్ బుక్‌లో మీ లైను పేరు ఎదురుగా ఆ ఏడాది ఎంతిచ్చారో ఉంటుంది.

చివర ఖాతా. మెసేజ్ వచ్చిందని సంబరపడకుండా పాస్‌బుక్కు ఎంట్రీ వేయించండి. డబ్బు ఆధార్‌కి చివరగా లింకైన ఖాతాలోకి వెళ్తుంది. "నాకు పడలేదు" అన్నవాళ్లలో కొందరికి వాళ్లు మర్చిపోయిన పాత ఖాతాలో పడి ఉంటుంది.

7. రాకపోతే

సచివాలయానికి వెళ్లి అర్హుల జాబితా, అనర్హుల జాబితా రెండూ అడగండి. అనర్హుల్లో మీ పేరుంటే ఎదురుగా కారణం ఉంటుంది. కారణం తప్పైతే (అమ్మేసిన కారు, విడిపోయిన కొడుకు ఉద్యోగం, ఇలాంటివి) రుజువుతో అక్కడే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు.

ఊరంతటి సమస్యైతే సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇలా అడగండి: "మా గ్రామంలో ఫలానా పథకానికి వచ్చిన దరఖాస్తులెన్ని, మంజూరైనవెన్ని, తిరస్కరించినవెన్ని, నమోదు చేసిన కారణాల నకలు." "ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే జవాబు రాదు. వాళ్లు ఇవ్వాల్సింది కాగితం, వివరణ కాదు. పక్కింటివాళ్ల ఖాతా వివరాలడిగినా తిరగ్గొడతారు.

కోర్టుకెళ్తే పనవుతుందా అని అడిగేవాళ్లు చాలామంది. మ్యానిఫెస్టో మాట నిలబెట్టుకోలేదన్న కారణంతో గెలుపు రద్దవదు. పైన చెప్పిన 2013 తీర్పే మ్యానిఫెస్టో హామీలు అవినీతి చర్య కిందికి రావంది. పథకం జీవో అయ్యాక, అర్హత ఉండీ మిమ్మల్ని వదిలేస్తే అది వేరే సంగతి, అక్కడ చేతిలో కాగితం ఉంటుంది.

తరచూ చేసే తప్పులు

శంకుస్థాపనని పని మొదలైనట్టు లెక్కెయ్యడం. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద వంతెన కోసం రాళ్లు ఒకటికి మించే పడ్డాయి, జనం పంటు (రేవు దాటించే పడవ) మీదే దాటుతున్నారు. వంతెనకి నాలుగు గుర్తులు చూడండి: డీపీఆర్, పరిపాలనా ఆమోదం జీవో, టెండరు, బిల్లు చెల్లింపు. రాయి ఈ నాలుగింటిలో లేదు.

పక్కింటికి పడింది కాబట్టి హామీ అమలైందనడం, మనకి పడలేదు కాబట్టి అమలు కాలేదనడం. రెండూ తప్పే, జాబితా చూడాలి.

మొత్తం మీద ఒక మార్కు వేసెయ్యడం. "అన్నీ చేశారు", "ఏదీ చెయ్యలేదు" అన్నవాళ్ల దగ్గర నోటుబుక్కు ఉండదు. 2019 మ్యానిఫెస్టోనే తీసుకుంటే పెన్షన్ మూడు వేలకి చేరింది, సీపీఎస్ (ఉద్యోగుల జీతంలోంచి వాటా కోసే పెన్షన్ పద్ధతి) రద్దు జరగలేదు, దశలవారీ మద్యనిషేధం పూర్తి కాలేదు. ఉద్యోగి, పెన్షనరు, తాగుబోతు భర్తతో వేగే ఇల్లాలు ఒకే మ్యానిఫెస్టోకి మూడు మార్కులు వేస్తారు.

మీ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మీరు నింపిన పేజీని స్నేహితుడి చేతికివ్వండి. పార్టీ పేరు మూసేసి చదివితే అతను కూడా అదే ఫలితం రాయాలి: పూర్తిగా, కొంత, లేదు. తేడా వస్తే ఎక్కువసార్లు మూడో గడిలోనో నాలుగో గడిలోనో ఏదో నింపకుండా వదిలేసి ఉంటారు. 'కొంత' అన్నవే ఎక్కువ వస్తే కంగారు పడొద్దు, అది మామూలే. అన్నీ 'పూర్తిగా' గానీ అన్నీ 'లేదు' గానీ వస్తే మాత్రం మళ్లీ మొదటి నుంచి చూడండి.

పంచాయతీ ఎన్నికలకీ ఇదే పుస్తకం వాడొచ్చు, పని చిన్నది. సర్పంచ్ అభ్యర్థి పెన్షన్ ఇప్పిస్తానంటే అది ఆయన చేతిలో లేదు, సిఫారసు మాట మాత్రమే. వీధి దీపాలు, తాగునీరు, చెత్త, సిమెంటు కాలువ ఆయనవి. ఐదో గడి ఒక్కటి నింపితే సగం హామీలు అక్కడే రాలిపోతాయి, మిగిలినవాటి ఖర్చు వివరాలు పంచాయతీ ఆఫీసులో ఫీజు లేకుండా అడగొచ్చు.